బరువును బట్టి బాడుగ - భారం మాత్రం రహదారిదే

సరకుల రవాణాలో బాడుగను నిర్ణయించే అంశాల్లో దూరం తరువాత స్థానం బరువుదే. టన్నుకు ఇంత, క్వింటాలుకు ఇంత అన్న లెక్క దేశంలోని ప్రతి లారీ ట్రాన్స్‌పోర్టు కార్యాలయంలోనూ వినవచ్చేదే. పైకి ఇంతకంటే సులువైన లెక్క మరొకటి ఉండదనిపిస్తుంది. అయితే టన్నుకు ఇంత అని బేరం కుదిరిన మరుక్షణం నుంచే లారీ మీద మరో టన్ను, వీలైతే ఇంకో టన్ను ఎక్కించాలన్న ఒత్తిడి మొదలవుతుంది. చట్టం విధించిన పరిమితిని దాటి ఎక్కిన ఆ బరువు వల్ల టన్ను బాడుగ తగ్గుతున్న మాట నిజమే. ఆ తగ్గింపు ఎవరికి దక్కుతున్నది, దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2018లో కేంద్రం ప్రకటించిన ఇరుసు బరువుల పెంపు, 2019లో మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవే. జరిమానా పదిరెట్లయినా, మోయదగిన బరువు పెరిగినా, పరిమితికి మించిన బరువుతో పోయే లారీలు జాతీయ రహదారులపై కనిపిస్తూనే ఉన్నాయి. ఇందుకు లారీ యజమానుల దురాశే కారణమని సరిపెట్టుకోవటం తేలిక. కానీ బాడుగ కట్టే పద్ధతిలోనే ఈ జాడ్యానికి మూలం ఉన్నది.

దూది బరువు, రాయి బరువు

రవాణా వ్యాపారంలో బరువంటే కాటా మీద కనిపించే అంకె ఒక్కటే కాదు. ఏ వాహనానికైనా రెండు హద్దులుంటాయి. ఎంత బరువు మోయగలదన్నది ఒకటి, అందులో ఎంత చోటు ఉన్నదన్నది రెండవది. ఈ రెండింటిలో ఏది ముందు తీరిపోతే అక్కడితో ఆ వాహనం నిండినట్టే. గుంటూరు యార్డు నుంచి బయలుదేరే ఎండుమిర్చి టిక్కీల లారీ కొండలా కనిపిస్తుంది గాని, ఆ ఎత్తుకు తగిన బరువు అందులో ఉండదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే గ్రానైట్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. లారీ నేల మీద రాయి ఒక మూలకు సర్దుకున్నట్టు కనబడుతుండగానే మోయదగిన బరువు పూర్తవుతుంది.

ఎగుమతుల్లో వాడే 20 అడుగుల కంటైనరును తీసుకుంటే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. దాని లోపలి చోటు సుమారు 33 ఘనపు మీటర్లు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఖాళీ పెట్టె బరువుతో కలిపి గరిష్ఠంగా 30.48 టన్నులు ఉండవచ్చు. అంటే సరకుకు మిగిలేది దాదాపు 28 టన్నులు. ఘనపు మీటరుకు మూడు టన్నులకు కాస్త అటూ ఇటూగా తూగే గ్రానైట్ ఆ పరిమితిని 9, 10 ఘనపు మీటర్లలోనే చేరుకుంటుంది. పెట్టెలో రెండు వంతుల చోటు ఖాళీగానే సముద్రం దాటుతుంది. అదే పెట్టెలో స్పాంజి పరుపులు నింపితే తలుపులు మూయటం కష్టమైన వేళకు కూడా బరువు కొద్ది టన్నులు దాటదు. పత్తిని జిన్నింగు మిల్లుల్లో యంత్రాలతో అదిమి 170 కిలోల బేళ్ళుగా కట్టటం వెనుక ఉన్న ఆర్థిక సూత్రం కూడా ఇదే. నొక్కిన కొద్దీ చోటు కలిసివస్తుంది, చోటు కలిసివచ్చిన కొద్దీ బాడుగ తగ్గుతుంది.

ఓడ కంపెనీలు, విమాన కంపెనీలు, పార్సిలు సంస్థలు ఈ రెండు హద్దులనూ కలిపి ఒకే లెక్కలోకి తెచ్చాయి. సరకు అసలు బరువు ఒకవైపు, అది ఆక్రమించే చోటును బరువుగా మార్చి చూపే అంకె మరోవైపు పెట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద బాడుగ వసూలు చేస్తాయి. కంటైనరులో కొంత భాగాన్ని మాత్రమే తీసుకునే చిన్న ఎగుమతిదారుకు సముద్ర మార్గంలో ఒక ఘనపు మీటరును ఒక టన్నుగా లెక్కకడతారు. విమానంలో 6 వేల ఘనపు సెంటీమీటర్లను ఒక కిలోగా భావిస్తారు, అంటే ఒక ఘనపు మీటరు సుమారు 167 కిలోలవుతుంది. కొరియర్ సంస్థలు 6 వేలకు బదులు 5 వేలతో భాగించటం పరిపాటి కనుక వాటి దగ్గర అదే పెట్టె మరింత బరువు తూగుతుంది.

సరకును ప్యాలెట్ల మీద పేర్చి పంపే పద్ధతిలో ఈ లెక్క కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కొయ్య పలకలను బిగించి, ఫోర్క్‌లిఫ్టు కొమ్ములు దూరేందుకు అడుగున సందు వదిలి తయారుచేసే పీటనే ప్యాలెట్ అంటారు. హమాలీలు ఒక్కొక్క బస్తాను మోసే అవసరం లేకుండా టన్ను సరకును ఒకేసారి ఎత్తి లారీలో పెట్టవచ్చు. విస్తారంగా వాడుకలో ఉన్న ప్యాలెట్ పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 1000 మిల్లీమీటర్లు. దీని మీద రెడీమేడ్ దుస్తుల పెట్టెలను మీటరున్నర ఎత్తుకు పేర్చితే ఆక్రమించే చోటు 1.8 ఘనపు మీటర్లు. ఆ దుస్తులు కాటా మీద 250 కిలోలే తూగినా విమాన కంపెనీ 300 కిలోలకు బిల్లు వేస్తుంది. ఓడలో పంపితే 1.8 టన్నులకు చెల్లించాలి. ఇక అదే కొలత గల ప్యాలెట్ మీద 60 సెంటీమీటర్ల ఎత్తున టన్ను బరువు గల గ్రానైట్ పలకలు పేర్చామనుకుంటే చోటు 0.72 ఘనపు మీటరే. ఇక్కడ చోటు లెక్క పనిచేయదు. ఓడలోనైనా విమానంలోనైనా పూర్తి టన్నుకు బాడుగ కట్టవలసిందే. దుస్తుల ఎగుమతిదారు బాడుగ తగ్గించుకోదలిస్తే పెట్టె ఎత్తు తగ్గించాలి, రాతి పలకల ఎగుమతిదారుకు ఆ మార్గం లేదు.

ప్యాలెట్ సొంత బరువు 20 నుంచి 25 కిలోలు కూడా మొత్తం బరువులో కలుస్తుందన్నది కొత్త ఎగుమతిదారులు తరచు మరచే విషయం. విదేశాలకు వెళ్ళే కొయ్య ప్యాలెట్లలో పురుగు చేరకుండా చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలపాటు పట్టించి ముద్ర వేయించాలన్న అంతర్జాతీయ నిబంధన కూడా ఉన్నది. ఈ ఖర్చు కూడా చివరకు సరకు మీదే పడుతుంది.

బరువును దాచటం

బాడుగకు బరువే ఆధారమైనప్పుడు బరువును తక్కువ చేసి చూపటం లాభసాటి అవుతుంది. ఈ అలవాటు ఎంత దూరం పోయిందో 2007 జనవరిలో ఇంగ్లీషు చానెల్‌లో తుపానుకు చిక్కి దెబ్బతిన్న 'ఎంఎస్‌సీ నపోలి' అనే కంటైనర్ ఓడ బయటపెట్టింది. ఆ ఓడ డెక్కు మీద తడవకుండా మిగిలిన సుమారు 660 కంటైనర్లను దర్యాప్తు అధికారులు తూకం వేయించారు. వాటిలో 137 కంటైనర్ల బరువు పత్రాల్లో చూపిన బరువుకు 3 టన్నులకు పైగా తేడాతో ఉన్నట్టు తేలింది. ఒకదానిలో ఆ తేడా ఏకంగా 20 టన్నులు. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నిబంధనలను సవరించి, నిజ బరువును ధ్రువీకరించనిదే కంటైనరును ఓడలోకి ఎక్కించరాదన్న ఆంక్షను 2016 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చింది. భారతీయ రేవులకూ అది వర్తిస్తున్నది. సముద్రంలో ఈ కట్టడి సాధ్యం కావటానికి కారణం, ప్రతి పెట్టె రేవు అనే ఒకే గుమ్మం గుండా పోవలసి ఉండటమే. రోడ్డుకు అటువంటి గుమ్మం ఏదీ లేదు.

లారీ యజమాని లెక్క

2018కి ముందున్న నిబంధనల ప్రకారం రెండు ఇరుసుల, ఆరు టైర్ల లారీ స్థూల బరువు 16.2 టన్నులు మించరాదు. ఖాళీ లారీ 6.2 టన్నులు తూగుతుందనుకుంటే సరకుకు మిగిలేది 10 టన్నులు. ఉదాహరణకు ఒక ట్రిప్పుకు డీజిలు, డ్రైవరు బత్తా, టోలు, టైర్ల అరుగుదల, ఫైనాన్సు వాయిదా అన్నీ కలిపి 40 వేల రూపాయలు ఖర్చవుతుందని భావిద్దాం. అప్పుడు టన్నుకు 4 వేల రూపాయల బాడుగ వస్తేనే యజమానికి ఖర్చులు కూడతాయి.

ఇప్పుడు అదే లారీ మీద 14 టన్నులు ఎక్కించినట్టయితే డీజిలు కొంత ఎక్కువ కాలుతుంది, టైర్లు కొంత త్వరగా అరుగుతాయి. అందుకు 4 వేలు కలిపినా ట్రిప్పు ఖర్చు 44 వేలు మాత్రమే. వాయిదా మారదు, బత్తా మారదు, దూరం మారదు. టన్నుకు పడే ఖర్చు 4 వేల నుంచి 3,143 రూపాయలకు దిగివస్తుంది. పదిమంది యజమానులు ఈ బాట పట్టగానే మార్కెట్లో బాడుగ టన్నుకు 3,200 రూపాయల దగ్గర స్థిరపడిందనుకుందాం. 14 టన్నులు మోసిన యజమానికి వచ్చేది 44,800 రూపాయలు, మిగిలేది 800. చట్టాన్ని పాటించి 10 టన్నులే మోసినవానికి 32 వేలు వస్తాయి, ట్రిప్పుకు 8 వేల నష్టం. సరకు యజమానికి మాత్రం టన్నుకు 800 చొప్పున 14 టన్నుల మీద 11,200 రూపాయలు ఆదా అవుతుంది.

నేరం చేసినవాడికి ఎనిమిది వందలు, చేయించినవాడికి పదకొండు వేలు. ఈ అంకెలు ఊహించుకున్నవే గాని లెక్క నడిచే తీరు మాత్రం దేశంలోని ఏ బాడుగ మార్కెట్లోనైనా ఇదే. లారీల వ్యాపారంలో అత్యధికులు ఒకటి రెండు బండ్లతో, అప్పు మీద నెట్టుకొచ్చే చిన్న యజమానులు. తిరుగు ప్రయాణంలో లోడు దొరుకుతుందో లేదో తెలియదు. బ్రోకరు చెప్పిన ధరకు కాదంటే ఆ లోడు పక్క లారీకి పోతుంది. పరిమితిలో మోస్తే వాయిదా కట్టలేరు, మించి మోస్తే పట్టుబడతారు. ఈ రెండింటి మధ్య వారు ఎంచుకునేది పట్టుబడే అవకాశాన్నే.

నాలుగో ఘాతం

అదనపు బరువు వల్ల డీజిలు ఖర్చు పెద్దగా పెరగకపోవచ్చు. రోడ్డుకు జరిగే హాని మాత్రం ఆ నిష్పత్తిలో ఉండదు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం ఒట్టావా పట్టణం సమీపంలో ఇందుకోసమే ప్రత్యేకంగా రోడ్లు వేసి, సైనిక డ్రైవర్ల చేత రేయింబవళ్ళు లారీలు నడిపించి భారీ ప్రయోగం జరిపారు. ఒక్కో రోడ్డు మీదుగా పది లక్షలకు పైగా ఇరుసులు దొర్లాయి. ఆ ప్రయోగంలో తేలిన సూత్రాన్నే నాలుగో ఘాత సూత్రంగా ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు. ఇరుసు మీద బరువు ఎన్ని రెట్లు పెరిగితే, ఆ అంకెను నాలుగుసార్లు దానితోనే హెచ్చించినంతగా రోడ్డుకు అరుగుదల పెరుగుతుందన్నది దాని సారాంశం. బరువు రెట్టింపయితే నష్టం 16 రెట్లు. బరువు 20 శాతం పెరిగితేనే నష్టం రెట్టింపు దాటుతుంది. భారతదేశంలో రోడ్డు మందాన్ని నిర్ణయించటానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 8.16 టన్నుల ఇరుసును ప్రమాణంగా తీసుకున్నది. దానిపై వచ్చే బరువులను మార్చి చూడటానికి వాడేది కూడా ఈ సూత్రాన్నే.

పైన చెప్పుకున్న లారీ మీద అదనంగా ఎక్కిన 4 టన్నుల్లో 3.8 టన్నులు వెనుక ఇరుసు మీద పడినట్టయితే, 10.2 టన్నులు ఉండవలసిన ఆ ఇరుసు బరువు 14 టన్నులకు చేరుతుంది. సరకు 40 శాతమే పెరిగింది గాని ఆ ఇరుసు రోడ్డుకు కలిగించే నష్టం మూడున్నర రెట్లయింది. అదే సరకును పరిమితికి లోబడిన లారీల్లో తీసుకువెళ్ళి ఉంటే ట్రిప్పులు 40 శాతం పెరిగి నష్టమూ 40 శాతమే పెరిగేది. ఒక చిన్న కారు ఇరుసు మీద 600 కిలోలు ఉంటాయనుకుంటే, 10.2 టన్నుల ఇరుసు ఒక్కసారి దొర్లటం అటువంటి ఇరుసులు 83 వేలసార్లు దొర్లటంతో సమానం. రోడ్లను పాడుచేసేది కార్లు, స్కూటర్ల రద్దీ అనుకునేవారు ఈ లెక్క చూడవలసి ఉన్నది.

పదిహేనేళ్ళు మన్నవలసిన రోడ్డు ఐదారేళ్ళకే గాళ్ళు పడి, పగిలి, గుంతలు తేలినప్పుడు మరమ్మతు ఖర్చు ఏ బిల్టీలోనూ కనబడదు. సరకు యజమానికి ఆదా అయిన 11,200 రూపాయల్లో ఒక్క పైసా కూడా రోడ్డుకు తిరిగిరాదు. గుంతల రోడ్డు మీద టైర్లు, స్ప్రింగు కమాన్లు పోగొట్టుకునేది మళ్ళీ ఆ లారీ యజమానులే. ఇక ప్రాణాల సంగతి. బ్రేకులు వాహనపు నిర్ణీత బరువుకు తయారైనవి. స్థూల బరువు 16.2 నుంచి 20.2 టన్నులకు పెరిగితే అదే వేగంలో ఆపటానికి బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగోవంతు పెరుగుతుంది. ఘాట్ రోడ్ల దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టు వదిలే ప్రమాదం ఇందువల్ల వచ్చేదే.

బంగారు కార్డుల బాగోతం

మోటారు వాహనాల చట్టం 1988లోని 113వ సెక్షను పరిమితికి మించిన బరువుతో వాహనం నడపరాదని నిర్ద్వంద్వంగా చెబుతున్నది. అయినప్పటికీ కొన్ని రాష్ట్రాల ప్రభుత్వాలు దీనిని ఆదాయ మార్గంగా మలచుకున్నాయి. ముందే నిర్ణీత రుసుము చెల్లించిన లారీలకు 'గోల్డ్ కార్డు'లనీ, టోకెన్లనీ ఇచ్చి అధిక బరువుతో పోనిచ్చే ఏర్పాటు చేశాయి. జరిమానాను చందాగా మార్చిన ఈ విచిత్ర పద్ధతిపై సుప్రీంకోర్టు 2005 నవంబరు 9న తీర్పు ఇచ్చింది. చట్టం నిషేధించిన బరువును అనుమతించే అధికారం రాష్ట్రాలకు లేదని, రాజీ రుసుము కట్టినంత మాత్రాన అదే బరువుతో ప్రయాణం కొనసాగించే హక్కు రాదని, అదనపు సరకును దించవలసిందేనని ధర్మాసనం స్పష్టం చేసింది. తీర్పు తరువాత అనేక మార్గాల్లో బాడుగలు పెరిగాయి. ఎక్కువ ఇరుసులున్న పెద్ద లారీలకు గిరాకీ వచ్చింది. ఇరుసులు పెరిగితే అదే బరువు ఎక్కువ చక్రాల మీదికి పంపిణీ అవుతుంది కనుక రోడ్డుకు అది మేలైన మార్పే.

ఆ తరువాత కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మరో దారి ఎంచుకున్నది. 1996 అక్టోబరు 18 నాటి ప్రకటనలో నిర్ణయించిన ఇరుసు బరువులను 2018 జూలై 16న పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్న పరిమితి 11.5 టన్నులయింది. రెండు ఇరుసుల లారీ స్థూల బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, అతి పెద్ద ట్రైలర్ల గరిష్ఠ పరిమితి 49 నుంచి 55 టన్నులకు పెరిగాయి. వాహనాల సాంకేతిక ప్రమాణాలు, రోడ్ల నాణ్యత మెరుగుపడినందున పాత పరిమితులకు కాలం చెల్లిందన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే నాలుగో ఘాతం ప్రకారం 10.2 నుంచి 11.5కు పెరగటమంటే ఆ ఇరుసు రోడ్డుకు చేసే అరుగుదల 60 శాతానికి పైగా పెరగటమే. నిన్నటి వరకు నేరమైనదానిలో కొంత భాగం ఆనాటి నుంచి సక్రమమయింది.

ఈ పెంపు లారీ యజమానులకు వరమని తొలుత అందరూ భావించారు. జరిగింది మరొకటి. ఉన్న లారీలతోనే ఎక్కువ సరకు మోయగలిగిన స్థితి వచ్చేసరికి మార్కెట్లో మోసే శక్తి సరకును మించిపోయింది. ఆపైన ఆర్థిక వ్యవస్థ మందగించింది. దేశంలో వాణిజ్య వాహనాల అమ్మకాలు 2019-20లో అంతకుముందు సంవత్సరం కంటే సుమారు 29 శాతం పడిపోయాయి. మందగమనం, ఫైనాన్సు సంస్థల చిక్కులు, కొత్త కాలుష్య ప్రమాణాలు కూడా ఇందుకు కారణాలే అయినా, ఇరుసు బరువుల పెంపు ప్రభావాన్ని వాహన పరిశ్రమ ప్రత్యేకంగా ప్రస్తావించింది. చట్టబద్ధమైన బరువు పెరిగినా బాడుగ బేరంలో లబ్ధి మళ్ళీ సరకు యజమాని వైపే మొగ్గింది.

పొరుగు దేశం బంగ్లాదేశ్‌లో ఇదే వివాదం మరో రూపంలో తలెత్తింది. ఢాకా-చట్టగ్రామ్ రహదారిపై ఆరు చక్రాల లారీలకు 13 టన్నుల సరకు పరిమితిని 2017 నుంచి అమలు చేయబోగా చట్టగ్రామ్ వర్తకులు ఆందోళనకు దిగారు. తూకపు కేంద్రాలు తమ దారిలోనే పెట్టి ఇతర రహదారులను వదిలేస్తే తమ సరకు మాత్రమే ఖరీదెక్కుతుందన్నది వారి అభ్యంతరం. పరిమితి అందరికీ ఒకేవిధంగా అమలు కాకుంటే దాన్ని పాటించినవాడే నష్టపోతాడన్న ఆ వాదన మన లారీ యజమానికీ వర్తించేదే.

రైలుదీ అదే దారి

బరువైన సరకుకు రైలే తగిన వాహనమన్నది పాత మాట. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో దేశంలోని సరకులో ఎనభై శాతానికి పైగా రైళ్ళ మీద పోయేది. ఇప్పుడు రైల్వేల వాటా మూడోవంతు కూడా లేదు. ఇందుకు రైల్వే బాడుగ పద్ధతి కూడా ఒక కారణం. వ్యాగనులో ఎంత సరకు నింపారన్న దానితో నిమిత్తం లేకుండా సాధారణంగా ఆ వ్యాగను మోయదగిన బరువుకు రైల్వేలు బాడుగ వసూలు చేస్తాయి. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు పంపేవారికి ఇందులో ఇబ్బంది లేదు. వ్యాగను నిండకముందే బరువు పూర్తవుతుంది. తేలిక సరకు పంపేవాడు మాత్రం ఎక్కించని బరువుకు కూడా డబ్బు కట్టవలసి వచ్చి లారీ వైపు మళ్ళాడు. కొన్ని తేలిక సరకులకు కనీస బరువును రైల్వేలు విడిగా నిర్ణయించినా, చేజారిన వ్యాపారం పెద్దగా తిరిగిరాలేదు.

లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్న 2004-09 మధ్య కాలంలో రైల్వేలు గడించిన మిగులు వెనుక కూడా బరువు కథే ఉన్నది. సుమారు 58 టన్నులు మోసే పైకప్పు లేని వ్యాగన్లలో ఎంపిక చేసిన మార్గాలపై క్రమంగా 8 టన్నుల వరకు అదనంగా ఎక్కించటానికి అనుమతించారు. ఇరుసు బరువు 20.32 నుంచి 22.9 టన్నులకు చేరింది. 58 వ్యాగన్ల బండికి 8 టన్నుల చొప్పున లెక్కించినా 464 టన్నులు. కొత్త వ్యాగను కొనకుండా, కొత్త ఇంజను పెట్టకుండా ఒక్కో బండి మీద దాదాపు 46 లారీల సరకు అదనంగా వచ్చిందన్నమాట. అంతకుముందు కూడా వ్యాగన్లలో అధిక బరువు పోతూనే ఉండేదని, రైల్వేలకు రావలసిన సొమ్ము మాత్రం దారిలోనే ఎటో పోయేదని అప్పట్లో వెల్లడయింది. ఆవును పూర్తిగా పితకకుంటే జబ్బు పడుతుందన్న లాలూ పోలిక ప్రసిద్ధి పొందింది. పట్టాలు, వంతెనలు, చక్రాల మీద పడే ఒత్తిడి గురించి ఇంజనీర్లు వ్యక్తం చేసిన సందేహాలకు అంత ప్రచారం రాలేదు.

అయితే రోడ్డుకూ రైలుకూ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పట్టాలు అరిగితే మార్చవలసింది బాడుగ వసూలు చేసిన రైల్వేలే. లాభమూ నష్టమూ ఒకే ఖాతాలో పడతాయి. అందుకే తూర్పు, పడమర ప్రత్యేక సరకు కారిడార్లను నిర్మించినప్పుడు పట్టాలను 25 టన్నుల ఇరుసు బరువుకు, వంతెనలను ముందుచూపుతో 32.5 టన్నులకు తగినట్టుగా రూపొందించారు. వ్యాగనులో అనుమతికి మించి ఎక్కిస్తే రైల్వే చట్టం 1989లోని 73వ సెక్షను కింద అపరాధ రుసుము విధించేది కూడా రైల్వేలే, అది పడేది నేరుగా సరకుదారు మీదనే.

దించేది ఎక్కడ?

రోడ్డు మీద జరిమానా ముందుగా తగిలేది డ్రైవరుకు, ఆ తరువాత లారీ యజమానికి. 2019కి ముందు 194వ సెక్షను కింద కనీస జరిమానా 2 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు వెయ్యి. పై ఉదాహరణలోని 4 టన్నులకు 6 వేలు కట్టవలసి వచ్చేది. ఎప్పుడో ఒకసారి పట్టుబడినా గిట్టుబాటయ్యే మొత్తమది. 2019 సెప్టెంబరు 1 నుంచి అది 20 వేలు, టన్నుకు 2 వేల చొప్పున పెరిగింది. అంటే అదే తప్పుకు 28 వేలు. తూకానికి బండి ఆపకుండా పోయిన డ్రైవరుకు 40 వేల జరిమానా విడిగా ఉన్నది. చట్టంలో 'నడిపినవారు' అన్న మాటతోపాటు 'నడిపించినవారు, నడపనిచ్చినవారు' అన్న మాటలు కూడా ఉన్నాయి. సరకును ఎక్కించి పంపిన ఫ్యాక్టరీనీ, క్వారీనీ ఈ మాటల కింద బాధ్యులను చేయవచ్చునని, లోడు ఎక్కించిన చోటనే తూకం తప్పనిసరి చేయాలని లారీ యజమానుల సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఆచరణలో మాత్రం అధికారుల చేయి రోడ్డు మీద దొరికిన డ్రైవరును దాటి పోవటం అరుదు.

జీఎస్టీ రాకతో 2017 జూలై నుంచి రాష్ట్ర సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. తడ, ఇచ్ఛాపురం వంటి చోట్ల గంటల తరబడి బారులు తీరే బాధ లారీలకు తప్పింది. ఇప్పుడు టోల్‌గేట్ల వద్ద, బండి కదులుతుండగానే ఇరుసు బరువును పసిగట్టే యంత్రాలు అమరుస్తున్నారు. బరువు తెలుసుకోవటం పెద్ద సమస్య కాదు. తెలిసిన తరువాత ఏం చేయాలన్నదే సమస్య.

చట్టం ప్రకారం అనుమానం వచ్చిన లారీని అధికారి ముందుదారిలో 10 కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకు తీసుకుపొమ్మని ఆదేశించవచ్చు. అధిక బరువు తేలితే అదనపు సరకును దించేవరకు బండి కదలరాదు. దించే ఖర్చూ, దించిన సరకు భద్రతా వాహనదారుడివే. రాత్రివేళ, ఊరికి దూరంగా, వాన కురుస్తుండగా ఎనభై సిమెంటు బస్తాలు, అంటే నాలుగు టన్నులు, దించి ఎక్కడ పెట్టాలన్నదానికి చాలాచోట్ల జవాబు లేదు. గోదాము ఉండదు, హమాలీలు ఉండరు. వేరొక లారీని పిలిపిస్తే అది వచ్చేందుకు పూట పడుతుంది, అడిగిన బాడుగ ఇవ్వవలసి ఉంటుంది. మందంగా ప్యాలెట్ల మీద కట్టిన సరకయితే ఫోర్క్‌లిఫ్టు లేనిదే అంగుళం కదలదు. అందువల్ల రసీదు రాసి, జరిమానా కట్టించుకొని, అదే బరువుతో బండిని పోనివ్వటమే అనేకచోట్ల జరుగుతున్న తంతు. 2005లో సుప్రీంకోర్టు చెల్లదన్నది సరిగ్గా దీనినే.